వెన్ను బిగియు వ్యాధి: ఇంటి వ్యాయామపు చరిత్ర

నడుము నొప్పి యనునది నిజామాబాదు, బోధను ప్రాంతములలో ఎవ్వరికిని వింత కాదు. చెరకు నరకువాడు తెల్లవారినది మొదలు వంగియే యుండును. గడల మోపును బండి కెత్తువాడు వంగును. వరినాట్లు వేయు స్త్రీలు వంగుదురు. పసుపు కొమ్ములు త్రవ్వువారు వంగుదురు. ఒడిలో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు స్త్రీ ప్రొద్దుగూకువరకు మెడ వంచియే కూర్చుండును. ఇన్ని విధముల వంగి బ్రదుకు సీమలో ఒకడు నడుము నొచ్చుచున్నదని మొరపెట్టినచో, “పని చేసిన నడుము నొవ్వకుండునా? రెండు దినములు పడుకొనుము, అదియే పోవును” అని యింటి పెద్దలు చెప్పుట సహజము. పెక్కుమంది విషయమున ఆ మాట నిజమే. కాని కొందరి విషయమున అది నిజము కాకపోవుటయే గాక, హానికరము కూడ. ఆ కొందరిని గూర్చియు, వారికి పడక కంటె కదలికయే మేలని గ్రహించుటకు వైద్యలోకమునకు పట్టిన దీర్ఘకాలమును గూర్చియు ఈ ప్రసంగమున ముచ్చటింప దలచినాము.

మొదట ఈ సీమను గూర్చి ఒక మాట. పూర్వము ఇందూరు అని పేరు గాంచిన నిజామాబాదునకు నేటి రూపము నిచ్చినది నీరు. మంజీరా నదిపై నిజాంసాగరు ఆనకట్ట పని 1923 లో ప్రారంభమై 1931 లో ముగిసినది. నవాబు అలీ నవాజ్ జంగు దాని నిర్మాణమును నడిపిన యింజనీరు. కాలువలు పారిన చోట చెరకు పెరిగినది. చెరకు పెరిగిన చోట, 1937 లో, బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును శక్కర్‌నగరు అను నొక యూరే యేర్పడినది. ఆసియా ఖండములోని గొప్ప చక్కెర కర్మాగారములలో నొకటిగా పేరొందిన ఆ సంస్థ 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు తోటలు తగ్గినవి. వరి, పసుపు, సోయా పంటలు ఆ స్థానము నాక్రమించినవి. పంట మారినది గాని నడుము వంచు పని మారలేదు. కనుకనే ఇచ్చట వెన్నునొప్పి కంతటికిని కష్టమే కారణమని జనులు తలచుచున్నారు.

ఇప్పుడు ఇరువదిరెండేండ్ల బోధను యువకు నొకని ఊహింతము. కొన్ని మాసములుగా అతనికి పిరుదులలోను, నడుము క్రింది భాగమునను నొప్పి. ఒకప్పుడు కుడివైపున, మరొకప్పుడు ఎడమవైపున. రాత్రి రెండవ జామున మెలకువ వచ్చును. తెల్లవారి లేచునప్పుడు నడుము కొయ్యవలె బిగిసి యుండును. అర్ధగంట, గంట తిరుగాడిన పిమ్మట గాని సడలదు. వింత యేమనగా, పనిలో దిగిన పిమ్మట నొప్పి తగ్గును. ఆదివారము పడుకొని యున్నచో హెచ్చును. కష్టము చేత కలిగిన నొప్పి దీనికి సరిగా విరుద్ధము: అది పనితో హెచ్చి, విశ్రాంతితో తగ్గును. ఈ యొక్క భేదమును గుర్తించిన ఇల్లు సగము రోగనిర్ణయము చేసినట్లే. మూడు మాసములకు పైగా నున్న ఇట్టి నొప్పి నలుబదియైదేండ్లకు లోపు వయసున ఆరంభమైనచో, దానిని ఉపేక్షింపరాదు. దాని పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చును.

ఈ వ్యాధిలో దేహమును రక్షింపవలసిన శక్తియే దారి తప్పి దేహముపై తిరుగబడును. త్రికాస్థియు శ్రోణి యెముకలును కలియు కీళ్ళలో మొదట తాపము పుట్టును. క్రమముగా అది వెన్నుపూసల మీదుగా పైకి ప్రాకవచ్చును. తాపము చల్లారిన చోట క్రొత్త యెముక పెరిగి, ఒక పూసను మరొక పూసతో అతుకును. అన్నియు అతుకుకొనిన వెన్నెముక ఎక్స్‌రే చిత్రమున వెదురు గడవలె కనబడునని వైద్యులు వర్ణింతురు. మన బోధనువారికి చెరకు గడ యనిన ఇంకను సులభముగా తెలియును: కణుపులు కనబడును, కాని ఏ కణుపు దగ్గరను గడ వంగదు. ప్రక్కటెముకలు వెన్నును కలియు కీళ్ళు కూడ బిగిసినచో ఊపిరి పీల్చునప్పుడు రొమ్ము విప్పారదు. వంగిన భంగిమలో వెన్ను అతుకుకొనినచో మనిషి జీవితాంతము నేలచూపులు చూడవలసినదే. అందుచే ఈ వ్యాధిలో అసలు ప్రశ్న నొప్పి యొక్కటియే కాదు. వెన్ను బిగిసిన పక్షమున ఏ భంగిమలో బిగియునన్నది కూడ. ఇంటి వ్యాయామపు చరిత్ర యంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరిగినది.

వ్యాధి క్రొత్తది కాదు. 1690 దశాబ్దమున బెర్నార్డ్ కానర్ అను ఐర్లండు వైద్యుడు, ఫ్రాన్సు దేశమున దొరికిన ఒక అస్థిపంజరమును పరిశీలించి, వెన్నుపూసలు, ప్రక్కటెముకలు, కటిభాగము కలిసి ఒకే యెముకగా అతుకుకొని యుండుటను వర్ణించెను. ఆ మనిషి యెవరో, ఎన్నేండ్లు బాధపడెనో చరిత్రకు తెలియదు. అటుపిమ్మట రెండు శతాబ్దములకు, 1893 లో రష్యాలో బెఖ్టెరేవ్, 1897 లో జర్మనీలో స్ట్రుంపెల్, 1898 లో ఫ్రాన్సులో పియరీ మారీ, జీవించి యున్న రోగులలో ఈ వ్యాధిని వేరువేరుగా వర్ణించిరి. 1895 లో ఎక్స్‌రేలు కనుగొనబడుటతో లోపలి యెముకను చూచు కన్ను కూడ లభించినది. పేరు దొరికినది, చిత్రము దొరికినది. చికిత్స మాత్రము దొరకలేదు.

చికిత్స లేని చోట సాదృశ్యము రాజ్యమేలును. వెన్నెముకకు క్షయ సోకినప్పుడు రోగిని కదలనీయక పడుకోబెట్టుట, పారిస్ ప్లాస్టరుతో వెన్నును కట్టివేయుట ఆనాటి పద్ధతి. ఆ వ్యాధికి అది తగియే యుండెను. వెన్ను నొచ్చువారందరికిని విశ్రాంతియే మందన్న భావముతో ఈ వ్యాధిగ్రస్తులను గూడ పెక్కు చోట్ల పడకలకును, ప్లాస్టరు కవచములకును అప్పగించిరి. ఫలితము విపరీతమైనది. కదలని కీలు త్వరగా బిగిసెను, వాడని కండరము క్షీణించెను, యెముక బోలుబారెను. వెన్నును కాపాడ దలచిన చికిత్సయే వెన్నును బిగించినది. బోధను యువకునితో “పడుకొనుము” అని చెప్పు ఇంటి పెద్దకును, ఆనాటి ఐరోపా వైద్యునికిని ఈ విషయమున భేదము లేదు. ఇరువురును దయతోనే చెప్పిరి, ఇరువురును పొరబడిరి.

మరియొక పొరపాటు కూడ జరిగినది. 1930 నుండి 1950 వరకు గల దశాబ్దములలో వెన్నుపై ఎక్స్‌రే కిరణములను ప్రసరింపజేసి నొప్పిని తగ్గించుట విరివిగా సాగెను. నొప్పి తగ్గినమాట వాస్తవమే. కాని 1957 లో బ్రిటనులో కోర్ట్ బ్రౌన్, డాల్ అను పరిశోధకులు, 1935–54 మధ్య ఇట్టి చికిత్స పొందిన పదమూడు వేలకు పైబడిన రోగుల చరిత్రను తరచి చూచి, వారిలో రక్తపు కేన్సరు అధికమైనట్లు వెల్లడించిరి. కిరణముల వలన మానవునకు కలుగు కీడును గూర్చి ప్రపంచము నేర్చిన ముఖ్యపాఠములలో ఇదియొకటి. ఆ పాఠమునకు మూల్యము చెల్లించినవారు వెన్నునొప్పి రోగులు.

మార్పు రెండు దిక్కుల నుండి వచ్చినది. ఒకటి మందు. 1950 ప్రాంతమున వాడుకలోనికి వచ్చిన ఫినైల్ బ్యుటజోన్, అటుపిమ్మట 1960 దశాబ్దమున వచ్చిన ఇండోమెథసిన్, ఉదయపు బిగువును సడలించినవి. మొదటి మందు రక్తమునకు చేయు కీడు వలన తరువాత వెనుకబడినది గాని, అది ఒక సత్యమును చూపినది: నొప్పి తగ్గిన రోగి కదలగలడు, కదలిన రోగి వంగిపోడు. రెండవది వైద్యుల దృష్టి. లండనులో డడ్లీ హార్ట్, ఆయన సహచరుడు 184 మంది రోగులను గూర్చి 1955 లో ప్రకటించిన సమీక్ష ఈ వ్యాధిని గూర్చిన జ్ఞానమును చక్కబరచినది. రోగిని కట్టివేయుట తగదు, కదలింపవలెనను పక్షమున నిలిచినవారిలో హార్ట్ ముఖ్యుడు.

కదలికను నమ్మవలెనన్న దానిని కొలువవలెను. 1937 లో, అనగా బోధనులో చక్కెర కర్మాగారము వెలసిన సంవత్సరముననే, జర్మనీలో పాల్ షోబర్ ఒక సులభమైన కొలత చెప్పెను. రోగి నిటారుగా నిలువబడినప్పుడు నడుము అడుగున ఒక గుర్తు, దానికి పది సెంటీమీటర్ల పైన మరొక గుర్తు పెట్టవలెను. మోకాళ్ళు వంచక ముందుకు వంగుమనవలెను. ఆరోగ్యవంతుని వెన్నున ఆ పది సెంటీమీటర్లు సుమారు పదునైదగును. వెన్ను బిగిసినవానికి కదలదు. దర్జీవాని టేపు తప్ప మరే పరికరమును అక్కరలేని ఈ పరీక్ష నేటికిని వాడుకలో నున్నది.

ఆ 1937 వ సంవత్సరముననే తెలుగుదేశమునకు సంబంధించిన మరియొక సంగతి జరిగినది. ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలలో వెన్ను బిగిసి వంగిపోయిన మనుషులను షార్ట్ అను వైద్యుడును, ఆయన సహచరులును పరిశీలించి, త్రాగు నీటిలోని ఫ్లోరైడే దానికి కారణమని వెల్లడించిరి. నల్లగొండ జిల్లా పల్లెలు అనుభవించిన బాధ కూడ అదియే. చూపునకు రెండును వెన్ను బిగియు వ్యాధులే. కాని ఒకదానికి మూలము నీరు, మరొకదానికి దేహములోని తాపము. క్షయ మూడవది. మూడింటికి మూడు మార్గములు. కనుక వ్యాయామమునకు ముందు రోగనిర్ణయము జరుగవలెనని మేము నొక్కి చెప్పుచున్నాము.

1973 లో లండనులోను, లాస్ ఏంజిలిసులోను పరిశోధకులు వేరువేరుగా ఒక విశేషమును కనుగొనిరి. ఈ రోగులలో అత్యధికులకు హెచ్.ఎల్.ఏ. బి 27 అను వంశపారంపర్య లక్షణము కలదు. అయితే ఆ లక్షణము గలవారిలో పెక్కుమందికి వ్యాధి రానే రాదు. కావున రక్తపరీక్ష యొక్కటియే తీర్పు కాదు. తండ్రి పాపమో, జాతక దోషమో అని మనసు చెడగొట్టుకొనుటకును కారణము లేదు.

ఇంతవరకు వ్యాయామము ఆసుపత్రిదిగా నుండెను. అది ఇంటికి వచ్చిన కథ ఇటీవలిది. 1976 లో బ్రిటనులో రోగులును వైద్యులును కలిసి ఒక జాతీయ సంఘమును స్థాపించుకొనిరి. బాత్ నగరమందలి కీళ్ళవ్యాధుల ఆసుపత్రిలో రోగులను చేర్చుకొని వ్యాయామము నేర్పి పంపు పద్ధతి ప్రసిద్ధి కెక్కినది. వ్యాధి తీవ్రతను, కార్యశక్తిని, వెన్ను కదలికను కొలుచు బాత్ కొలతలు 1994 లో వెలువడినవి. కాని ఇంటివద్ద చేసిన వ్యాయామము నిజముగా పనిచేయునా? 1990 లో కెనడాలో 53 మంది రోగులపై జరిగిన పరీక్ష దీనికి సమాధానము చెప్పినది. ఇంటికి వచ్చి వ్యాయామము నేర్పి, వ్యాధిని గూర్చి బోధించి, పర్యవేక్షించినవారికి నాలుగు మాసములలో వెన్ను వంగు శక్తియు, దైనందిన కార్యశక్తియు మెరుగుపడినవి. 1993 లో హాలండులో 144 మందిపై జరిగిన పరీక్ష మరొక మెట్టు పైకి వెళ్ళినది: ఇంటి వ్యాయామమునకు తోడు వారమున కొకసారి పదిమందితో కలిసి చేసినవారు ఇంకను మేలు పొందిరి. 2008 నాటికి ఇట్టి 11 పరీక్షలను, 763 మంది రోగుల ఫలితములను కలిపి చూచిన కోక్రేను సమీక్ష సారాంశము ఇది: ఏమియు చేయకుండుట కంటె ఇంటి వ్యాయామము మేలు, ఒంటరిగా చేయుట కంటె శిక్షకుని యెదుట గుంపుగా చేయుట మేలు.

ఈ రెండవ మాట రేడియో కుటుంబములకు ప్రత్యేకముగా తగినది. జపానులో 1928 నుండి రేడియో వ్యాయామము ప్రసారమైనది; యుద్ధానంతరము కొంతకాలము ఆగి 1951 లో నూతన రూపమున మరల మొదలైనది. సంగీతము వినబడగానే ఇంటివారందరును, వీధివారందరును లేచి ఒకే లయలో కదలుదురు. మన హైదరాబాదున 1935 లో దక్కను రేడియో నిజాము ప్రభుత్వము చేతిలో నడక నారంభించి, 1950 లో ఆకాశవాణిలో కలిసినది. రేడియో వైద్యుడు కాదు. కాని దినదినము ఒకే సమయమునకు పలుకరించు తోడు. ఈ వ్యాయామమునకు కావలసినది ముఖ్యముగా అట్టి తోడే. ప్రాతఃకాలపు వార్తలు, భక్తిగీతములు వినుచు చేసిన వ్యాయామము మానుట కష్టము.

వ్యాయామమనగానే మన తెలుగువారికి కోడి రామమూర్తినాయుడు జ్ఞప్తికి వచ్చును. తెలంగాణమువారికి తాలీంఖానాలు జ్ఞప్తికి వచ్చును. బరువు లెత్తుట, కుస్తీ పట్టుట గొప్పవే గాని, మనము చెప్పుకొను వ్యాయామము అది కాదు. చరకాచార్యుడు సైతము వ్యాయామము మితముగా నుండవలెననియు, మితిమీరినది రోగకారణమనియు చెప్పెను. మరియొక అపోహ కలదు: “పొలములో పగలంతయు కష్టపడువానికి వేరుగా వ్యాయామ మెందుకు?” అని. పొలము పని వెన్నును ముందుకు వంచును. ఈ వ్యాధియు ముందుకే వంచును. వ్యాయామము వెనుకకు చాపవలెను. అందుచే కష్టజీవికి ఈ వ్యాయామము మరింత అవసరము.

ఇంటివద్ద చేయదగిన వానిని కొన్నింటిని చెప్పెదము. వేడినీటి స్నానము తరువాత దేహము సడలి యుండును గనుక అది మంచి సమయము. మొదట చాపపై వెల్లకిల పడుకొని, మోకాళ్ళు వంచి, రెండు మోకాళ్ళను కలిపి మెల్లగా ఇటు నటు వాల్చవలెను. అటుపిమ్మట పాదములు నేల కానించి పిరుదులను పైకెత్తి దింపవలెను. తరువాత తలగడ లేకుండ బోర్ల పడుకొనవలెను. మొదట ఐదు నిమిషములు, అలవాటైన కొలది పదునైదు, ఇరువది నిమిషములు. ఆ స్థితిలోనే అరచేతులు నేల కానించి రొమ్మును మెల్లగా పైకెత్తవలెను. ప్రక్కటెముకలపై అరచేతు లుంచి, చేతులు తొలగునంతగా ఊపిరి పీల్చి విడువవలెను. కూర్చుండి, చేతులు కట్టుకొని, నడుము నటునిటు త్రిప్పవలెను. మెడను కూడ తొందరలేక త్రిప్పవలెను. కడపట గోడకు చేరి నిలువబడి, మడమలు, పిరుదులు, భుజములు గోడకు తగిలించి, గడ్డమెత్తక తల వెనుకభాగమును గోడకు చేర్చ యత్నింపవలెను. గోడకును తలకును ఎన్ని వ్రేళ్ళ యెడమున్నదో నెల కొకసారి వ్రాసి ఉంచినచో, ఇంటిగోడయే కొలబద్ద యగును. దినమునకు రెండు సారులు, కొద్ది నిమిషములైనను, ప్రతిదినము చేయుట ముఖ్యము. మెత్తని పరుపు, ఎత్తైన తలగడ తగవు. ఈతకు అవకాశమున్నచో అది మిక్కిలి మంచిది.

చేయరాని పనులును కలవు. బిగిసిన వెన్నెముక గట్టిదనిపించును గాని పెళుసైనది. చిన్న దెబ్బకే విరుగగలదు. క్షౌరశాలలో మెడ విరిపించుకొనుట, నడుము త్రొక్కించుకొనుట ఈ రోగులకు ప్రాణాపాయము తేగలవు. జారిపడిన పిమ్మట క్రొత్త నొప్పి కలిగినను, కాళ్ళు మొద్దుబారినను, మూత్రము బిగిసినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. కన్ను ఎఱ్ఱబారి నొచ్చుచు వెలుగును సహింపలేకున్నచో అది ఈ వ్యాధికి తోబుట్టువు కావచ్చును. ఆ దినముననే నేత్రవైద్యుని చూడవలెను. నిజామాబాదు పసుపు లోకప్రసిద్ధమే గాని, పసుపు పట్టు వేసిన మాత్రమున వెన్నులోని తాపము చల్లారదు. పొగ త్రాగుట వెన్నుకు చెరుపును హెచ్చించునని పరిశోధనలు చెప్పుచున్నవి. బీడీలు చుట్టు జిల్లాలో ఈ మాట చెప్పుట కష్టమే గాని, చెప్పక తప్పదు.

బీడీలు చుట్టు తల్లులను గూర్చి కూడ ఒక మాట. ఇది పురుషుల వ్యాధియని వైద్యులు చాలకాలము తలచిరి. స్త్రీలకును వచ్చుననియు, వారిలో గుర్తింపు ఆలస్యమగుచున్నదనియు ఇప్పుడు తెలిసినది. “చేట ముందు కూర్చున్నందున నొప్పి” అని, “కాన్పు తరువాతి నొప్పి” అని ఆమె నొప్పిని త్రోసిపుచ్చుట సులభము. తెల్లవారుజామున ఆమె నడుము ఎంతసేపు బిగిసి యుండునో ఇంటివారు ఒక్కసారి అడిగి తెలిసికొనవలెను.

2000 తరువాత వచ్చిన జీవసంబంధమైన మందులు తాపమును మూలముననే అణచుచున్నవి. అవి వెల గలవి, వైద్యుని పర్యవేక్షణ కోరునవి. అవి వచ్చిన పిమ్మట కూడ వ్యాయామమును మానుమని ఏ వైద్య సంఘమును చెప్పలేదు. హైదరాబాదున నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో కీళ్ళవాత వైద్యశాఖ కలదు. నిజామాబాదున 2013 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. దీర్ఘవ్యాధితో ఓపికగా పోరాడుట ఈ జిల్లాకు క్రొత్త కాదు. 1915 నాటి నుండియు, ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతుల కృషిచే, డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల సేవ ప్రసిద్ధమైనది. శాపమని లోకము వెలివేసిన రోగము చికిత్సకు లొంగునని అచ్చట మన పూర్వులు కన్నులార చూచిరి.

మూడు వందల యేండ్ల చరిత్ర చెప్పు నీతి చిన్నది. అస్థిపంజరమును చూచి వ్యాధిని కనుగొనిన లోకము, నడచు మనిషిని చూచి మందు కనుగొనినది. ఇంటిలో ఎవరైనను తెల్లవారుజామున నడుము బిగిసినదని చెప్పినచో, పెద్దలు “పడుకొనుము” అని కాక, “వైద్యునికి చూపుదము, అంతవరకు మెల్లగా తిరుగాడుము” అని చెప్పవలెను. ఆ పిమ్మట ప్రతి ఉదయమును ఆ బిడ్డతో పాటు ఇంటివారును ఒక పది నిమిషములు గోడకు చేరి నిలువబడినచో, అతడు ఒంటరివాడు కాడు. వెన్ను వంగక ముందు చేసిన ఆ చిన్న సహాయము, వంగిన తరువాత చేయు ఎన్నో సేవలకంటె మిన్న.